పిల్లల్లో మృదు కణజాల క్యాన్సర్లు, జన్యువులు: తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను జెనెటిక్ కౌన్సెలర్‌ని. బిడ్డ ఒంట్లో గడ్డ కనిపించి, బయాప్సీ అయి, రిపోర్టు చేతికొచ్చాక తల్లిదండ్రులు నా దగ్గరికి వస్తారు. ఆ రిపోర్టులో ఎక్కడో ఒకచోట జన్యువు పేరు ఉంటుంది. అది చూడగానే వాళ్లు అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే. అందుకే దానితోనే మొదలుపెడుతున్నాను.

రిపోర్టులో 'జన్యు మార్పు' అని రాసి ఉంది. అంటే ఇది మా నుంచి బిడ్డకి వచ్చిందా?

చాలామంది విషయంలో కాదు. ఈ ఒక్క మాట అపార్థమై నెలల తరబడి నిద్రకి దూరమైన తల్లుల్ని చూశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. మనం 'జన్యుపరమైన', 'వంశపారంపర్యమైన' అనే రెండు మాటల్నీ ఒకే అర్థంలో వాడేస్తుంటాం. క్యాన్సర్ విషయంలో అవి వేర్వేరు. కణంలోని డీఎన్‌ఏ చెడితేనే కణం అదుపు తప్పుతుంది కాబట్టి క్యాన్సర్లన్నీ జన్యుపరమైనవే. వంశపారంపర్యంగా వచ్చేవి మాత్రం వాటిలో కొన్నే.

గడ్డలో కనిపించే మార్పు సాధారణంగా బిడ్డ ఒంట్లోని ఏదో ఒక్క కణంలో, కడుపులో ఉండగానో పుట్టాకో, కొత్తగా జరిగినది. ఆ ఒక్కటి రెండై, రెండు నాలుగై గడ్డ అయింది. మిగతా ఒంట్లో ఆ మార్పు ఉండదు. అమ్మలో ఉండదు, నాన్నలో ఉండదు.

పుట్టుకతోనే ఒంట్లోని ప్రతి కణంలోనూ మార్పు ఉండటం వేరే సంగతి. రకరకాల క్యాన్సర్లున్న 1,120 మంది పిల్లల్ని, యువకుల్ని పరీక్షించిన అధ్యయనం ఒకటి 2015లో వచ్చింది. క్యాన్సర్‌కి దారితీసే మార్పు పుట్టుకతోనే ఉన్నవాళ్లు అందులో 8.5 శాతం. వివరాలు దొరికినంత మేరకు, వాళ్లలో కూడా సగానికి పైగా పిల్లల ఇళ్లలో క్యాన్సర్ చరిత్రే లేదు.

ఈ పేజీలో మొదటిదాన్ని 'గడ్డ జన్యువు' అనీ, రెండోదాన్ని 'పుట్టుక జన్యువు' అనీ అంటాను. డాక్టర్ ఏ పరీక్ష రాసినా "ఇది గడ్డ కోసమా, పుట్టుక కోసమా?" అని అడగండి. సగం గందరగోళం అక్కడే తీరిపోతుంది.

అసలు మృదు కణజాలం అంటే ఏది?

కండరం, కొవ్వు, నరాల తొడుగులు, రక్తనాళాలు, కీళ్ల చుట్టూ ఉండే పొరలు. ఎముక కానివి, అవయవాల్ని కలిపి ఉంచేవి అనుకోండి. వీటిలో పుట్టే క్యాన్సర్లని సార్కోమాలంటారు. పిల్లల క్యాన్సర్లలో ఇవి సుమారు 7 శాతం. అందులో దాదాపు సగం రాబ్డోమయోసార్కోమాలే. కండరంగా మారాల్సిన లేత కణం సగంలో ఆగిపోయి, అక్కడే పెరుగుతూ పోతే వచ్చే జబ్బు అది. విచిత్రమేమిటంటే కంటిగూడు, మూత్రాశయం, పైత్యనాళం లాంటి చోట్ల కూడా ఇది వస్తుంది. పైత్యనాళంలో మనం కదిలించే కండరమే లేదు. కాబట్టి ఇది ఎప్పుడూ తయారైన కండరం నుంచే పుడుతుందని అనుకోకూడదు.

'ఎంబ్రియోనల్', 'అల్వియోలార్' అంటే ఏమిటి? ఏది మంచిది?

మైక్రోస్కోప్ కింద కనిపించే తీరుని బట్టి పెట్టిన పేర్లివి. ఎంబ్రియోనల్ కణాలు పిండంలోని లేత కండరాన్ని పోలి ఉంటాయి. చిన్నపిల్లల్లో, అందులోనూ తల, మెడ, మూత్ర జననేంద్రియ భాగాల్లో ఎక్కువ. అల్వియోలార్ రకంలో కణాలు ఊపిరితిత్తుల్లోని గాలిగదుల్లా అమరి కనిపిస్తాయి. ఇది టీనేజ్ పిల్లల్లో, చేతులు, కాళ్లలో ఎక్కువ.

మొదట్లో ఈ పేర్లని బట్టే చికిత్స ఎంత గట్టిగా ఇవ్వాలో నిర్ణయించేవారు. తర్వాత తేలిందేమిటంటే, కంటికి కనిపించే ఆకారం కంటే లోపల ఫ్యూజన్ (రెండు జన్యువులు అతుక్కుని ఒకటి కావడం, కింద వివరించాను) ఉందా లేదా అన్నదే జబ్బు నడతని బాగా చెబుతుంది. చూడటానికి అల్వియోలార్‌లా ఉండి ఫ్యూజన్ లేని గడ్డ, నడతలో ఎంబ్రియోనల్‌లాగే ఉంటుంది. అందుకే మీ రిపోర్టులో ఆకారం పేరు దగ్గరే ఆగిపోకండి. ఫ్యూజన్ ఫలితం వచ్చిందా అని అడగండి. రాబ్డోమయోసార్కోమా విషయంలో నా దృష్టిలో అంతకంటే ముఖ్యమైన పరీక్ష లేదు.

ఫ్యూజన్ అంటే సరిగ్గా ఏం జరుగుతుంది?

మన డీఎన్‌ఏ 23 జతల క్రోమోజోముల్లో సర్ది ఉంటుంది. ఒక్కోసారి రెండు వేర్వేరు క్రోమోజోములు తెగి, ఒకదాని ముక్క ఇంకోదానికి అతుక్కుంటుంది. ఆ అతుకు సరిగ్గా రెండు జన్యువుల మధ్యలో పడితే, సగం ఇటుదీ సగం అటుదీ కలిసి ఒక కొత్త జన్యువు తయారవుతుంది.

అల్వియోలార్ రాబ్డోమయోసార్కోమాలో 2వ క్రోమోజోము మీది పాక్స్3, 13వ క్రోమోజోము మీది ఫాక్సో1 కలుస్తాయి. కొందరిలో పాక్స్3 బదులు 1వ క్రోమోజోము మీది పాక్స్7 ఉంటుంది. పది అల్వియోలార్ గడ్డల్లో దాదాపు ఆరింటిలో మొదటిది, రెండింటిలో రెండోది, మిగతా రెండింటిలో ఏ ఫ్యూజనూ లేదు. పాక్స్3, ఫాక్సో1 అతుకుని 1993లో గుర్తించారు.

పాక్స్3 పని పిండదశలో. కండరం తయారవ్వాల్సిన కణాల్లో ఏ జన్యువుని తెరవాలో వెతికి పట్టుకుంటుంది, పని అయ్యాక తప్పుకుంటుంది. ఫాక్సో1 చివరి భాగానికి జన్యువుల్ని గట్టిగా పని చేయించే శక్తి ఉంది. రెండూ కలిసిన ప్రోటీన్ పాక్స్3 చిరునామాలకే వెళ్తుంది, ఫాక్సో1 బలంతో వాటిని తెరుస్తుంది, ఇక మూయదు. కణం కండరంగా ఎదగలేదు, పెరగడం ఆపదు.

ఈ అతుకుని కంటితో చూడొచ్చు. ఫిష్ అనే పరీక్షలో ఫాక్సో1కి ఒక పక్క ఎరుపు, ఇంకో పక్క ఆకుపచ్చ రంగు వెలిగే డీఎన్‌ఏ ముక్కల్ని అంటిస్తారు. మామూలు కణంలో ఎరుపు, ఆకుపచ్చ ఆనుకుని ఉండి, చీకట్లో పసుపుపచ్చ చుక్కల్లా రెండు కనిపిస్తాయి. ఫ్యూజన్ ఉన్న కణంలో ఒక పసుపు చుక్క మాత్రమే మిగులుతుంది. రెండోది విడిపోయి, ఎరుపు ఒకచోట, ఆకుపచ్చ దూరంగా ఇంకోచోట కనిపిస్తాయి. ల్యాబ్‌లో కూర్చుని ఒక్కో కణంలో ఆ చుక్కల్ని లెక్కపెడతారు. మీ రిపోర్టులో 'ఫాక్సో1 బ్రేక్ అపార్ట్ పాజిటివ్' అన్న ఒక్క లైను వెనక ఉన్నది ఆ లెక్కే.

ఫ్యూజన్ లేదని వచ్చింది. అంటే జన్యువులు బాగానే ఉన్నాయా?

లేదు, తప్పు వేరేచోట ఉంది. ఎంబ్రియోనల్ రకంలో చాలా తరచుగా కనిపించేది 11వ క్రోమోజోము మీది ఒక చిన్న భాగం. ఆ భాగం చాలా ఆసక్తికరమైనది. మామూలుగా జన్యువులు అమ్మవైనా నాన్నవైనా సమానంగా పనిచేస్తాయి. ఇక్కడ మాత్రం ఐజీఎఫ్2 అనే పెరుగుదల జన్యువు నాన్న నుంచి వచ్చిన ప్రతిలోనే (కాపీలోనే) పనిచేస్తుంది, అమ్మ ప్రతిలో మూసి ఉంటుంది. ఈ గడ్డల్లో అమ్మ ప్రతి పోయి, తరచుగా దాని స్థానంలో నాన్న ప్రతి రెండోసారి వచ్చి చేరుతుంది. దాంతో పెరగమనే సంకేతం రెట్టింపవుతుంది, అమ్మ ప్రతి నుంచి పనిచేస్తూ పెరుగుదలని అడ్డుకునేది పోతుంది. దీనర్థం నాన్న జన్యువు చెడ్డదని కాదు. ఆ మాట కూడా ఒక నాన్న నన్ను అడిగారు, అందుకే రాస్తున్నాను. మార్పు జరిగింది గడ్డ కణంలోనే.

దానితో పాటు ఎన్‌రాస్, కేరాస్, హెచ్‌రాస్, ఎఫ్‌జీఎఫ్‌ఆర్4 లాంటి జన్యువుల్లో మార్పులు ఉండొచ్చు. ఇవన్నీ కణానికి 'పెరుగు' అని చెప్పే దారిలోని మలుపులే. ఫ్యూజన్ లేని గడ్డల్లో రెండు పేర్లు మాత్రం గుర్తుపెట్టుకోండి: మయోడీ1, టీపీ53. గడ్డలో ఇవి కనిపిస్తే జబ్బు మొండిగా ఉండే అవకాశం ఎక్కువ. డాక్టర్లు చికిత్సని ఆ మేరకు ఆలోచిస్తారు.

ఫ్యూజన్ పాజిటివ్ అంటే ఇక ఆశ లేదా?

ఉంది. ఫ్యూజన్ ఉన్న జబ్బు మొత్తమ్మీద కష్టమైనదే, ఆ మాట దాచను. కానీ ఒక్క జన్యువు మీద ఫలితం తేలదు. గడ్డ ఎక్కడుంది, ఎంత పెద్దది, ఆపరేషన్‌లో ఎంతవరకు తీయగలిగారు, ఊపిరితిత్తులకి గాని ఎముక మజ్జకి గాని పాకిందా, బిడ్డ వయసెంత, ఇవన్నీ కలిపి చూస్తారు. ఫ్యూజన్ లేకుండా, మంచి చోట, పాకకుండా ఉన్న జబ్బులో తొంభై శాతం దగ్గర పిల్లలు కోలుకుంటారు. ఫ్యూజన్ ఉన్నా ఒకేచోట ఆగి ఉన్న జబ్బుకి, పాకిన జబ్బుకి చాలా తేడా ఉంది. ఇంటర్నెట్‌లో కనిపించే ఒక్క అంకె మీ బిడ్డ అంకె కాదు.

మేం ఏదైనా తప్పు చేశామా? నెల కిందటే కింద పడింది, అక్కడే గడ్డ వచ్చింది.

దెబ్బ వల్ల ఈ క్యాన్సర్ రాదు. దెబ్బ తగిలిన చోట చేయి పెట్టి చూస్తాం కాబట్టి అప్పటికే ఉన్న గడ్డ బయటపడుతుంది. కడుపుతో ఉన్నప్పుడు తిన్నదాని వల్ల, బిడ్డ ఫోన్ చూసినందువల్ల వచ్చిందని కూడా అనుకోవద్దు. పెద్దవాళ్ల క్యాన్సర్లలో ఏళ్ల తరబడి పొగ, ఎండ, వయసు వల్ల మార్పులు పోగవుతాయి. పిల్లల సార్కోమాల్లో మార్పులు చాలా తక్కువ. ఒక్క ఫ్యూజన్ తప్ప పెద్దగా ఏమీ లేని గడ్డలు కూడా ఉంటాయి. ఒళ్లు వేగంగా తయారయ్యే వయసులో, కోట్లాది కణాలు విడిపోయేటప్పుడు, ఒకచోట జరిగే పొరపాటు ఇది.

రాబ్డోమయోసార్కోమా కాని వాటిలో ఏ మార్పులు ఉంటాయి?

ఒక్కో జబ్బుకి ఒక్కో అతుకు ఉంటుంది, దాదాపు సంతకంలా. సైనోవియల్ సార్కోమాలో ఎక్స్, 18 క్రోమోజోముల మధ్య ఎస్‌ఎస్18, ఎస్‌ఎస్‌ఎక్స్ కలుస్తాయి. ఎముకలోనే కాదు, మెత్తటి కణజాలంలో కూడా వచ్చే యూయింగ్ సార్కోమాలో 11, 22 క్రోమోజోముల మధ్య ఈడబ్ల్యూఎస్‌ఆర్1, ఎఫ్‌ఎల్‌ఐ1 కలుస్తాయి. దీన్ని 1992లో గుర్తించారు. పసిపిల్లల్లో వచ్చే ఇన్‌ఫాంటైల్ ఫైబ్రోసార్కోమాలో ఈటీవీ6, ఎన్‌టీఆర్‌కే3 కలుస్తాయి.

మైక్రోస్కోప్ కింద పిల్లల సార్కోమాల్లో కొన్ని ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. ఉదాహరణకి యూయింగ్ సార్కోమా, రాబ్డోమయోసార్కోమా రెండూ గుండ్రటి చిన్న నీలి కణాల్లా కనిపించొచ్చు. అనుభవమున్న పాథాలజిస్టు కూడా జన్యు పరీక్ష లేకుండా ఖాయంగా చెప్పలేని సందర్భాలున్నాయి. రిపోర్టు ఆలస్యమైందని టెన్షన్ పడే తల్లిదండ్రులకి నేను చెప్పేది ఇదే: పేరు తప్పు పెట్టి చికిత్స మొదలుపెట్టడం కంటే ఆ కొద్దిరోజులు ఆగడం మేలు. బిడ్డకి అత్యవసరమైతే ఆగకుండా మొదలుపెట్టాలో లేదో చికిత్స చేసే డాక్టర్ చూసుకుంటారు.

జన్యువు తెలిస్తే దానికి సరిపడే మందు దొరుకుతుందా?

కొన్నిటికి దొరుకుతుంది. బాగా చెప్పుకోదగ్గది ఇన్‌ఫాంటైల్ ఫైబ్రోసార్కోమా. ఇది ఎక్కువగా ఏడాది లోపు పసివాళ్లలో, తరచుగా చేతిలోనో కాలిలోనో వస్తుంది. గడ్డ పెద్దదైతే ఆ కాలో చెయ్యో తీసేయాల్సి వచ్చే పరిస్థితి ఉండేది. ఎన్‌టీఆర్‌కే ఫ్యూజన్ తయారుచేసే ప్రోటీన్ ఒక ఎంజైము. దానికి మందు దూరి కూర్చునే గుంట ఉంది. అక్కడ కూర్చుని దాన్ని ఆపే లారోట్రెక్టినిబ్ అనే మందుకి 2018 నవంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది. క్యాన్సర్ ఏ అవయవంలో ఉందన్నది చూడకుండా, ఫ్యూజన్ ఉందా అన్నదే చూసి ఇచ్చిన అనుమతి అది. పసివాళ్లకి పట్టడానికి ద్రవరూపంలో కూడా ఉంది. దీనితో గడ్డ కుంచించుకుపోయి, అవయవం దక్కిన పిల్లలున్నారు.

ఇన్‌ఫ్లమేటరీ మయోఫైబ్రోబ్లాస్టిక్ ట్యూమర్ అనే అరుదైన గడ్డలో ఏఎల్‌కే జన్యువు ఫ్యూజన్ ఉంటే క్రిజోటినిబ్ అనే మందు ఉంది. ఏడాది దాటిన పిల్లలకి 2022లో దీనికి అనుమతి వచ్చింది.

మరి పాక్స్3, ఫాక్సో1 ఫ్యూజన్‌కి అలాంటి మందు ఎందుకు లేదు?

కనిపెట్టి ముప్పై ఏళ్లు దాటింది కదా, ఇంకా ఎందుకు లేదని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. ఆ ప్రోటీన్ ఎంజైము కాదు. డీఎన్‌ఏని పట్టుకుని జన్యువుల్ని తెరిచేది. దానికి మందు దూరేంత గుంట దొరకదు. యూయింగ్ సార్కోమా ఫ్యూజన్‌దీ ఇదే ఇబ్బంది. దాన్ని నేరుగా ఆపలేక, అది తెరిచిన జన్యువుల్ని, దానికి సాయపడే ప్రోటీన్లని అడ్డుకునే దారులు వెతుకుతున్నారు. ఇప్పటికి ఈ పిల్లలకి ప్రధాన చికిత్స కీమోథెరపీ, ఆపరేషన్, రేడియేషన్‌లే. 'జన్యువుకి తగ్గ మందు' అని ఆశపెట్టి ఎవరైనా ఖరీదైన చికిత్స చూపిస్తే, ముందు మీ పిల్లల క్యాన్సర్ డాక్టర్‌తో మాట్లాడండి.

పుట్టుకతో వచ్చిన మార్పు ఉందని ఎప్పుడు అనుమానించాలి?

కొన్ని గుర్తులున్నాయి. గడ్డ కణాలు మామూలు కంటే చాలా పెద్దగా, వికారంగా కనిపిస్తే రిపోర్టులో 'అనాప్లేసియా' అని రాస్తారు. చిన్నపిల్లల రాబ్డోమయోసార్కోమాలో ఆ మాట ఉంటే టీపీ53 పుట్టుక పరీక్ష అడగాల్సిందే. బిడ్డ ఒంటి మీద పాలు కలిపిన కాఫీ రంగు మచ్చలు ఆరు గాని అంతకంటే ఎక్కువ గాని ఉండటం, పుట్టినప్పటి నుంచి ఒంట్లో ఒక వైపు పెద్దగా ఉండటం, అదే బిడ్డకి రెండో క్యాన్సర్ రావడం, ఇంట్లో చిన్న వయసులోనే క్యాన్సర్ వచ్చినవాళ్లు ఉండటం కూడా గుర్తులే. గర్భాశయ ముఖద్వారంలో వచ్చే రాబ్డోమయోసార్కోమా అయితే డైసర్1 అనే జన్యువులో పుట్టుక మార్పు ఉందేమో అనుమానించాలి.

ఇవేవీ లేకపోయినా మార్పు ఉండొచ్చు. అందుకే వీలున్న చోట్ల ఈ క్యాన్సర్ వచ్చిన ప్రతి బిడ్డకీ పుట్టుక పరీక్ష చేయించడం మంచిదని నా అభిప్రాయం.

లి-ఫ్రామెని సిండ్రోమ్ అంటే ఏమిటి?

ఒకే కుటుంబంలో పలువురికి చిన్న వయసులోనే రకరకాల క్యాన్సర్లు తెచ్చే వంశపారంపర్య పరిస్థితి. ఇది ఈ జబ్బుల నుంచే బయటపడింది. 1969లో ఫ్రెడరిక్ లి, జోసెఫ్ ఫ్రామెని అనే ఇద్దరు అమెరికన్ డాక్టర్లు రాబ్డోమయోసార్కోమా వచ్చిన పిల్లల రికార్డులు తిరగేస్తూ నాలుగు కుటుంబాల్ని గమనించారు. అన్నదమ్ములకో, కజిన్లకో సార్కోమా ఉంది. వాళ్ల తల్లులకీ దగ్గరి బంధువులకీ చిన్న వయసులోనే రొమ్ము క్యాన్సర్, ఇతర క్యాన్సర్లు ఉన్నాయి. కారణం టీపీ53 అని 1990లో తేలింది. డీఎన్‌ఏ దెబ్బతిన్నప్పుడు కణాన్ని ఆపి, బాగుచేయించే, బాగుకాకపోతే చంపేసే జన్యువు అది. పుట్టుకతోనే దాని ఒక ప్రతి చెడి ఉంటే, కణంలో రెండోది పోవడమే తరువాయి.

ఈ కుటుంబాల్లో సార్కోమాలు, చిన్న వయసులో రొమ్ము క్యాన్సర్, మెదడు గడ్డలు, అడ్రినల్ గ్రంథి క్యాన్సర్, లుకేమియా కనిపిస్తాయి. ఒక్కోరిలో ఒక్కో క్యాన్సర్ కావడంతో అందరినీ కలిపే దారం ఇంట్లోవాళ్లకి కనపడదు.

నేను కుటుంబ వృక్షం గీసేటప్పుడు మగవాళ్లకి చతురస్రం, ఆడవాళ్లకి వృత్తం పెడతాను. పోయినవాళ్ల మీద అడ్డగీత. ఒకసారి ఒక తల్లి "మా ఇంట్లో ఎవరికీ లేదండీ" అంది. గీసుకుంటూ పోతున్నాను. "మీ అమ్మగారి చెల్లెలు?" "పిన్ని చిన్నప్పుడే పోయింది." "ఎందుకు?" "తలలో ఏదో గడ్డ అన్నారు." "మీ తాతగారు?" "కాలు తీసేశారు, నలభై దాటలేదు." కాగితం మీద మూడో అడ్డగీత పడేసరికి ఆమే పెన్ను పట్టుకున్న నా చేతి వైపు చూసి ఆగిపోయింది. ఎవరూ దాచలేదు. ఆ మరణాల్ని పక్కపక్కన పెట్టి ఎవరూ చూడలేదంతే.

ఇది ఉందని తెలిస్తే లాభమేంటి? భయం తప్ప.

లాభం ఉంది. క్రమం తప్పకుండా పరీక్షలు చేయిస్తూ గడ్డని చిన్నగా ఉన్నప్పుడే పట్టుకోవచ్చు. మూడు నాలుగు నెలలకోసారి కడుపు అల్ట్రాసౌండ్, ఏడాదికోసారి మెదడుకి, ఒళ్లంతటికీ ఎంఆర్ఐ లాంటివి ఉంటాయి. టొరంటోలో మొదలైన ఈ పద్ధతి ఫలితాలు 2016లో వెలువడ్డాయి. పరీక్షలు చేయించుకుంటూ ఉన్నవాళ్లలో ఐదేళ్లు బతికినవాళ్లు 89 శాతం, చేయించుకోనివాళ్లలో 60 శాతం. భయం తగ్గుతుందని చెప్పలేను. భయంతో చేయడానికి ఒక పని దొరుకుతుంది.

ఇంకో లాభం రేడియేషన్ నిర్ణయంలో. టీపీ53 మార్పు ఉన్న పిల్లలకి రేడియేషన్ ఇచ్చిన చోట ఏళ్ల తర్వాత కొత్త క్యాన్సర్ వచ్చే ముప్పు ఎక్కువ. వీలైతే ఆపరేషన్‌తో సరిపెట్టాలని చూస్తారు. అలాగని రేడియేషన్ అసలు వద్దని కాదు. ఇప్పుడున్న జబ్బు నయం కావడానికి అది తప్పనిసరైతే ఇస్తారు. చికిత్స మొదలయ్యే ముందే పరీక్ష చేయించమని నేను పట్టుబట్టేది ఇందుకే.

మిగతా సిండ్రోమ్‌ల సంగతి?

ఎన్‌ఎఫ్1 (న్యూరోఫైబ్రోమటోసిస్ టైప్ 1, పైన చెప్పిన కాఫీ రంగు మచ్చలు ఉండే జబ్బు) వీటన్నిటిలోకీ ఎక్కువగా కనిపించేది. ఇది ఉన్నవాళ్లలో సగం మందికి తల్లిదండ్రుల నుంచి కాకుండా కొత్తగానే వస్తుంది. చిన్నపిల్లల్లో రాబ్డోమయోసార్కోమా రావొచ్చు, తరచుగా మూత్రాశయం చుట్టుపక్కల. పెద్దయ్యే కొద్దీ నరాల తొడుగుల్లో వచ్చే సార్కోమా ముప్పు ఎక్కువ, జీవితకాలంలో వందలో 8 నుంచి 13 మందికి. ఎన్‌ఎఫ్1 ఉన్న బిడ్డకి పాత గడ్డ ఒక్కసారిగా పెరిగినా, గట్టిపడినా, రాత్రిళ్లు నిద్ర లేపేంత నొప్పి పెట్టినా, వెంటనే చూపించాలి.

హెచ్‌రాస్ మార్పుతో వచ్చే కాస్టెల్లో సిండ్రోమ్ చాలా అరుదు. పసితనంలో పాలు తాగలేకపోవడం, ముఖంలో, చర్మంలో, గుండెలో తేడాలు ఉంటాయి. ఈ పిల్లల్లో సుమారు 15 శాతం మందికి గడ్డలు వస్తాయి, వాటిలో ఎక్కువ రాబ్డోమయోసార్కోమాలే. పైన చెప్పిన 11వ క్రోమోజోము భాగమే పుట్టుకతో తేడాగా ఉంటే వచ్చేది బెక్‌విత్-వీడెమన్ సిండ్రోమ్. ఒంట్లో ఒక వైపు పెద్దగా ఉండటం దీని గుర్తుల్లో ఒకటి.

పసివాళ్లలో వచ్చే రాబ్డాయిడ్ గడ్డలకి (పేరు దగ్గరగా ఉన్నా ఇవి రాబ్డోమయోసార్కోమాలు కావు) ఎక్కువగా స్మార్క్‌బీ1 జన్యువు కారణం. ఇందులో దాదాపు మూడోవంతు పిల్లలకి మార్పు పుట్టుకతోనే ఉంటుంది. ఆ జబ్బు ఉంటే పుట్టుక పరీక్ష గురించి ఆలోచించాల్సిన పనిలేదు, చేయించాలి.

గడ్డని పరీక్షించారు కదా, మళ్లీ రక్తం ఎందుకు?

గడ్డలో టీపీ53 మార్పు కనిపిస్తే, అది గడ్డలో మాత్రమే ఉందా, ఒళ్లంతా ఉందా అన్నది గడ్డ ఒక్కటే చెప్పలేదు. రక్తంలోనో, బుగ్గ లోపలి కణాల్లోనో, చర్మంలోనో అదే మార్పు ఉందేమో చూడాలి. గడ్డలో దాదాపు సగం డీఎన్‌ఏలో గాని ఇంకా ఎక్కువలో గాని మార్పు కనిపిస్తే అనుమానం పెరుగుతుంది, కానీ అది అనుమానమే. రెండు పరీక్షలూ వేర్వేరు ప్రశ్నలకి జవాబులు.

'ప్రాముఖ్యం తెలియని మార్పు' అని వచ్చింది. ఏం చేయాలి?

ఏమీ చేయకండి. ఈ జవాబు అందరికీ చిరాకు తెప్పిస్తుంది, తెలుసు. మనందరి డీఎన్‌ఏలో లక్షల తేడాలుంటాయి, చాలా వరకు హాని లేనివి. ఈ తేడా హాని చేస్తుందో లేదో చెప్పడానికి ఇప్పటికి సరిపడా సమాచారం లేదని దాని అర్థం. ఇలాంటివి తర్వాత తిరిగి వర్గీకరించినప్పుడు ఎక్కువ శాతం హాని లేనివిగానే తేలతాయి. దీన్ని బట్టి అన్నదమ్ముల్ని పరీక్షించడం, చికిత్స మార్చడం చేయకూడదు. ఏడాదికో రెండేళ్లకో ఒకసారి ఫోన్ చేసి, ఆ వర్గీకరణ ఏమైనా మారిందా అని అడగండి.

మా ఇద్దరిలోనూ ఆ మార్పు లేదన్నారు. మరి బిడ్డలో ఎలా వచ్చింది?

అండంలోనో, వీర్యకణంలోనో, పిండం తొలి రోజుల్లోనో కొత్తగా వచ్చింది. దానికి ఎవరి తప్పూ లేదు. ఒక చిన్న మెలిక మాత్రం ఉంది. తల్లి లేదా తండ్రి రక్తంలో కనిపించకుండా, అండాల్లోనో వీర్యకణాల్లోనో కొన్నిటిలో మాత్రమే మార్పు ఉండొచ్చు. అందుకే తర్వాతి బిడ్డకి ముప్పు సున్నా అని చెప్పం, చాలా తక్కువ అంటాం.

మిగతా పిల్లలకి కూడా పరీక్ష చేయించాలా? ఇంకో బిడ్డని కనొచ్చా?

మార్పు గడ్డలో మాత్రమే ఉంటే అవసరం లేదు. తోబుట్టువులకి ముప్పు మిగతా పిల్లలకి ఉన్నంతే అనుకోవచ్చు.

తల్లిలో గాని తండ్రిలో గాని పుట్టుక మార్పు ఉంటే, ప్రతి బిడ్డకీ అది వచ్చే అవకాశం సగానికి సగం. టీపీ53, స్మార్క్‌బీ1 లాంటి వాటిలో క్యాన్సర్లు చిన్నతనంలోనే మొదలవుతాయి కాబట్టి పిల్లల్ని చిన్నప్పుడే పరీక్షించడం సబబు. పెద్దయ్యాకే ముప్పు తెచ్చే మార్పులకి ఆ తొందర లేదు. అలాంటప్పుడు బిడ్డ పెద్దయ్యి తనే నిర్ణయించుకునేదాకా ఆగొచ్చు.

తర్వాతి కాన్పు విషయంలో, మార్పు ఏదో ఖాయంగా తెలిసి ఉంటే, గర్భంలో ఉండగా గాని ఐవీఎఫ్‌లో పిండాన్ని గర్భంలో పెట్టే ముందు గాని పరీక్షించే దారి ఉంది. వద్దనుకునేవాళ్లూ ఉన్నారు. రెండూ సరైన నిర్ణయాలే. ముందుగా వచ్చి మాట్లాడితే సమయం చేతిలో ఉంటుంది.

తల్లిదండ్రులు రక్తసంబంధీకులైతే దానివల్ల వచ్చిందా?

ఎక్కువగా కాదు. పైన చెప్పిన సిండ్రోమ్‌లలో చాలావాటికి ఒక్క ప్రతి చెడితే చాలు, బంధుత్వంతో పని లేదు. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి చెడ్డ ప్రతులు వస్తేనే వచ్చే జబ్బులు వేరు. డీఎన్‌ఏ పొరపాట్లు దిద్దే జన్యువులు రెండు ప్రతులూ చెడిన అరుదైన పరిస్థితి అలాంటిది. బిడ్డకి కాఫీ రంగు మచ్చలుండి, ఎన్‌ఎఫ్1 పరీక్షలో ఏమీ దొరకకపోతే దాన్ని గుర్తుచేసుకోవాలి.

జబ్బు తిరగబెడితే మళ్లీ జన్యు పరీక్ష చేయాలా?

వీలైతే కొత్త గడ్డ నుంచి ముక్క తీసి చేయడం మంచిది. అసలు ఫ్యూజన్ మారదు. దాని మీద కొత్త మార్పులు చేరొచ్చు. ఉదాహరణకి లారోట్రెక్టినిబ్ కొంతకాలం పనిచేసి ఆగిపోతే, మందు కూర్చునే గుంటలోనే మార్పు వచ్చి ఉండొచ్చు.

మేం ఏం దాచుకోవాలి?

మైనపు బ్లాక్. బయాప్సీ ముక్కని ఫార్మలిన్‌లో ఉంచి, మైనంలో పోసి, అగ్గిపెట్టె కంటే చిన్న దిమ్మగా చేస్తారు. ఏళ్ల తర్వాత కూడా దాన్నుంచి కొత్త పరీక్షలు చేయొచ్చు. ఆసుపత్రి మారేటప్పుడు స్లైడ్లతో పాటు బ్లాక్ ఎక్కడుందో, ఎన్నేళ్లు ఉంచుతారో రాతపూర్వకంగా అడగండి. జన్యు రిపోర్టు సారాంశం ఒక్కటే కాదు, అన్ని పేజీలూ తీసుకోండి. డీఎన్‌ఏలో మార్పు సరిగ్గా ఏ అక్షరం దగ్గర ఉందో చివరి పేజీల్లో ఉంటుంది. పదేళ్ల తర్వాత మీ అమ్మాయో అబ్బాయో పరీక్షకి వెళ్లినప్పుడు, ఇంకో ల్యాబ్ వెతకాల్సింది సరిగ్గా ఆ అక్షరమే.